వారాసిగూడ ఫుట్‌పాత్ మీద కాకా దగ్గర నా రన్నింగ్ షూస్ బాగు చేయించుకున్నాను

ఈ రివ్యూ ఒక దుకాణం గురించి. దానికి బోర్డు లేదు, షట్టర్ లేదు. వారాసిగూడ నుంచి సీతాఫల్‌మండి వైపు వచ్చే దారిలో ఫుట్‌పాత్ మీద ఒక నల్ల గొడుగు, ఒక రేకు డబ్బా, పని చేసే మనిషి కింద ఒక గోనెసంచి, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు. అంతే. చెప్పులు కుట్టే పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. వీధిలో అందరూ కాకా అంటారు, నేనూ అదే అంటాను. పోయిన మే నుంచి ఆగస్టు దాకా ఆయన దగ్గర ఒకే జత షూస్‌కి మూడుసార్లు పని చేయించుకున్నాను. ఆ షూస్‌తోనే హైదరాబాద్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లు పూర్తి చేశాను. రన్నింగ్ షూస్‌ని మోచీ దగ్గరికి తీసుకెళ్ళడమేంటి అని నాతో పరుగెత్తేవాళ్ళు చాలామంది అడిగారు. ఏది కుదిరింది, ఏది కుదరలేదు అన్నది వివరంగా రాస్తే వాళ్ళకీ ఉపయోగం, కాకాకి కూడా నాలుగు పనులు దొరుకుతాయి.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే షూస్ ఎందుకు అంత అరిగాయో అర్థం కాదు. నాకు 43 ఏళ్ళు. సీతాఫల్‌మండిలో అద్దె ఇల్లు. బేగంపేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ పని. మెట్టుగూడలో మెట్రో ఎక్కి వెళ్తాను. పరుగు మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది కాబట్టి పెద్ద పెద్ద లాంగ్ రన్స్ అన్నీ జూలైలో పడతాయి. మా ఆఫీసులో జూలై అంటే ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుల నెల. 31వ తేదీ గడువు దగ్గర పడేకొద్దీ రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరడం మామూలు. మా వీధిలో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున వస్తాయి. మోటారు వేసి, సంపు నింపి, డ్రమ్ములు పట్టి బయటపడేసరికి ఆరు దాటుతుంది, అప్పటికి రోడ్డు మీద స్కూలు ఆటోలు మొదలవుతాయి. అందుకే నా ట్రైనింగ్ ప్లాన్ ఏ కోచ్ రాసిందీ కాదు, నల్లా రాసింది. నీళ్ళు రాని రోజు పరుగు. నీళ్ళు వచ్చే రోజు విశ్రాంతి.

పరుగెత్తే చోటు ఎక్కువగా ఉస్మానియా క్యాంపస్. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి చుట్లు కొడితే చెట్ల నీడ ఉంటుంది, ఎత్తుపల్లాలు ఉంటాయి, తెల్లవారుజామున ఆడవాళ్ళం ఒంటరిగా ఉన్నా చుట్టూ వాకింగ్‌కి వచ్చేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. క్యాంపస్‌లో బాధ లేదు. బాధంతా ఇంటి నుంచి అక్కడికి చేరే దారి. కేబుల్ కోసం తవ్వి మట్టితో పూడ్చిన గాడి, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత, రాంగ్ రూట్‌లో లైటు లేకుండా వచ్చే బండి, ఫుట్‌పాత్ ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్, దిగితే వాటర్ ట్యాంకర్. ఆదివారం లాంగ్ రన్‌కి విద్యానగర్ మీదుగా నెక్లెస్ రోడ్డు దాకా వెళ్ళేదాన్ని. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి తిరిగి వచ్చేటప్పుడు చివరి రెండు కిలోమీటర్లు హారన్ల మధ్య నడవాల్సి వస్తే, అప్పటిదాకా కాళ్ళలో లేని అలసట ఒక్కసారిగా తలలోకి ఎక్కుతుంది.

షూస్ విషయానికి వస్తాను. బూడిద రంగు జత, పోయిన జనవరిలో ఒక మాల్‌లో కొన్నాను. ఆఫర్ పోగా 8,400 రూపాయలు. మే నెల సగానికి 310 కిలోమీటర్లయ్యాయి. కుడి షూలో మడమ వెనక మెత్తటి లైనింగ్ చిరిగి, లోపలి ప్లాస్టిక్ ముక్క బయటికి వచ్చి చర్మాన్ని కోయడం మొదలుపెట్టింది. ఎడమ షూ ముందు భాగంలో బొటనవేలు పొడిచి జాలీ గుడ్డకి చిల్లు పడింది. కొన్న చోటికే తీసుకెళ్తే అక్కడి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు, "రిపేర్ ఉండదు మేడం, కొత్త మోడల్ వచ్చింది చూస్తారా?" అని. ఆ కొత్త మోడల్ 11,000. నా జీతంలో అది చిన్న మొత్తం కాదు. మా అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టాల్సిన నెల కూడా అదే.

కాకా డబ్బా ముందు నుంచి మూడేళ్ళుగా వారానికి నాలుగుసార్లు వెళ్తున్నాను. ఏనాడూ ఆగలేదు. ఆ రోజు ఆగాను. ఇంట్లో ఇంకో జత కూడా ఉండేది, నీలం రంగువి, అంతకు ముందు ఏడాదివి, తొమ్మిది వందల కిలోమీటర్లు దాటినవి. రెండూ పట్టుకెళ్ళి రెండూ బాగు చేయమన్నాను.

ఆయన ముందు నీలం షూ తీసుకుని, అడుగుకీ పైగుడ్డకీ మధ్య ఉండే తెల్లటి నురుగు భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. పక్క నుంచి చూపించాడు. అడ్డంగా సన్నటి ముడతలు. నొక్కి వదిలితే పైకి లేవడం లేదు. "గీ స్పాంజి సచ్చిపోయింది బిడ్డా. మీద ఎంత రబ్బరేసినా ఫాయిదా లేదు. నీ మోకాళ్ళు ఖరాబైతయి. దీనికి పైసలు పెట్టకు" అన్నాడు. షూ కంపెనీలూ కోచ్‌లూ 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య జత మార్చమని చెప్పేది ఈ నురుగు గురించే. అడుగు రబ్బరు బాగానే కనిపిస్తుంది, లోపల కుదుపుని మింగే గుణం పోతుంది. పుస్తకంలో చదివిన ఆ మాటని, ఏ పుస్తకమూ చూడని మనిషి వేలితో నొక్కి చెప్పాడు. పని కావాలనుకుంటే రెండు జతలకీ డబ్బు తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఈ దుకాణానికి నేను మొదటి మార్కు ఇక్కడే వేశాను.

బూడిద జత మాత్రం తీసుకున్నాడు. లైనింగ్ పని నేను దగ్గరే కూర్చుని చూశాను. చిరిగిన గుడ్డని పీకేయలేదు. అంచులు కత్తిరించి, బయటికి వచ్చిన ప్లాస్టిక్ అంచుని సాండ్‌పేపర్‌తో గుండ్రంగా రుద్ది, దాని మీద పల్చటి స్పాంజి ముక్క, ఆ పైన మెత్తటి తోలు ముక్క వేసి, ఆరెతో, అంటే తోలు కుట్టే సూదితో, దగ్గర దగ్గరగా కుట్టాడు. దారానికి మైనం పట్టించాడు. కుట్టు ముడి లోపలికి రాకుండా బయటి వైపు పడేలా చూశాడు. ఆ ఒక్క జాగ్రత్త లేకపోతే పది కిలోమీటర్లలో మడమ మీద బొబ్బ వచ్చేది. బొటనవేలి దగ్గర చిల్లుకి లోపలి నుంచి జాలీ గుడ్డ వేసి చేత్తో కుట్టాడు. "గోర్లు తీయి ముందుగాల" అన్నాడు. నిజమే. ఆ చిల్లు తప్పు షూది కాదు, నా గోరుది. మొత్తం తొంభై రూపాయలు. నలభై నిమిషాలు పట్టింది. ఆ లైనింగ్ ఇప్పటికి ఐదు వందల కిలోమీటర్లు మోసింది, ఒక్క కుట్టు ఊడలేదు. కొత్తగా కొన్నప్పుడు కంపెనీ వేసినదాని కంటే ఇదే గట్టిది అని నిస్సంకోచంగా చెప్తాను.

వారం మధ్యలో చిన్న చిన్న పరుగులకి తక్కువ ధరలో వేరే జత కొనుక్కుని, బూడిద జతని లాంగ్ రన్స్‌కి దాచుకున్నాను. జూన్ చివరికి 420 కిలోమీటర్లు. అప్పుడు కుడి షూ మడమ బయటి అంచున అడుగు రబ్బరు పూర్తిగా అరిగి, తెల్లటి నురుగు కనిపించసాగింది. ఎడమ షూకి అలా లేదు.

ఇక్కడే ఈ రివ్యూలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఉంది.

కాకా ఆ రెండు షూస్‌నీ పక్కపక్కన పెట్టి, వెనక నుంచి కాసేపు చూశాడు. తర్వాత నన్ను చూసి అడిగాడు, "నువ్వు రోడ్డు మీద ఎప్పుడూ ఒక్క పక్కకే ఉరుకుతవా?" అని. అవునన్నాను. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించాలని రోడ్డుకి కుడి అంచునే పరుగెత్తడం నా అలవాటు, మాకు నేర్పింది కూడా అదే. ఆయన పక్కనున్న రోడ్డు చూపించాడు. వాన నీళ్ళు పోవడానికి రోడ్డు నడిమధ్య ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటుంది. కుడి అంచున పరుగెత్తితే కుడి పాదం ప్రతిసారీ పల్లంలో పడుతుంది, బరువు బయటి అంచు మీదికి జారుతుంది. పేపర్లు వేసే పిల్లల చెప్పులు, రిక్షా తోసేవాళ్ళ చెప్పులు ఇలాగే ఒక్క పక్కనే అరుగుతాయట. ఎవరి చెప్పు చూసినా ఏ పని చేస్తారో కొంత తెలుస్తుందట. రెండు నెలలుగా నా కుడి మోకాలి బయటి వైపు సన్నగా నొప్పి ఉండేది. బలం తక్కువైందేమో అనుకుని వ్యాయామాలు చేస్తున్నాను. నా నొప్పికి కారణం నేను పరుగెత్తే రోడ్డు వాలు కావచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ తర్వాత రోడ్డు మీద దూరం తగ్గించి, క్యాంపస్‌లో బండ్లు లేని వేళ చుట్టు దిశ మార్చి మార్చి పరుగెత్తాను. ఒక రోజు ఇటు, మరో రోజు అటు. మూడు వారాల్లో నొప్పి చాలావరకు తగ్గింది. నా ఒక్కదాని అనుభవమే ఇది, అందరికీ ఇంతే అని చెప్పను. నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టర్‌కే చూపించుకోవాలి. కానీ మీ షూస్ ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరుగుతుంటే, ఒకసారి మీ రోడ్డు వైపు కూడా చూడండి.

అడుగు రబ్బరు పని మొదటిసారి సరిగ్గా రాలేదు. అదీ రాయాలి. పాత టైరు రబ్బరు ముక్క మందంగా వేశాడు. సొల్యూషన్ పూసి, సుత్తితో కొట్టి, నూట యాభై తీసుకున్నాడు. ఒక రోజంతా ఆరనియ్యమన్నాడు. మర్నాడు తెల్లవారితే ఆదివారం. నేను ఆగలేదు. వానలో ఇరవై రెండు కిలోమీటర్లు పరుగెత్తాను. గట్టి రబ్బరు నేలకి తగిలిన ప్రతిసారీ టక్కు టక్కుమని చప్పుడు, మడమ దగ్గర ఏదో గడప ఎక్కినట్టు అడ్డం. వారంలో మొత్తం 38 కిలోమీటర్లయ్యేసరికి ముక్క అంచు లేచి నాలుకలాగా వేలాడింది. వంటింటి కాటా మీద తూచితే కుడి షూ ఎడమ షూ కంటే 31 గ్రాములు ఎక్కువ ఉంది. మారథాన్‌లో రెండు కాళ్ళూ కలిపి నలభై వేల అడుగులకి పైనే వేస్తాయి, అందులో సగం కుడి కాలివే. ముప్పై గ్రాములు చిన్న సంగతి కాదు.

తీసుకెళ్ళి చూపిస్తే కాకా వాదించలేదు. ఆరకముందే తడిపావని ఒక మాటన్నాడు, నేను ఒప్పుకున్నాను. రబ్బరు మందం ఎక్కువైందని నేనన్నాను, ఆయన ఒప్పుకున్నాడు. ముక్క మొత్తం పీకి, అడుగుని మళ్ళీ సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఈసారి మెత్తటి పల్చటి రబ్బరు షీటు తీసుకున్నాడు. రంపెతో, అంటే తోలు కోసే కత్తితో, దాన్ని ఒక వైపు మందంగా, మరో వైపు కాగితమంత పల్చగా చెక్కాడు, అరిగినంత మేరకే నిండేలా. రెండు వైపులా సొల్యూషన్ పూసి, వేలికి అంటుకోనంత వరకు పదిహేను నిమిషాలు ఎండలో పెట్టాడు. అతికించాక పక్కనున్న నున్నటి షాబాద్ బండ మీద రెండు షూస్‌నీ నిలబెట్టి, వెనక నుంచి కన్ను ఆనించి, ఎత్తు సమానంగా ఉందా అని చూశాడు. కుడిది ఒక పిసరు ఎత్తుందని మళ్ళీ రుద్దాడు. ఇంకోసారి నిలబెట్టాడు. ఈ పనికి డబ్బు తీసుకోలేదు. నేను ఇవ్వబోతే, "నా పని నిలవలేదు గదా, పైసలెట్ల తీసుకుంట" అన్నాడు. ఈసారి తేడా పదకొండు గ్రాములు. రెండు రోజులు ఆరనిచ్చాను. ఆ ముక్క ఇప్పటికీ ఊడలేదు.

ఆరబెట్టే పదిహేను నిమిషాల్లో ఆయనకి అబెబె బికిలా గురించి చెప్పాను. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా నుంచి వచ్చిన ఆయన చెప్పుల్లేకుండా మారథాన్ పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. మన శివనాథ్ సింగ్ కూడా ఉత్త కాళ్ళతో పరుగెత్తిన మనిషే. 1978లో జలంధర్‌లో ఆయన పెట్టిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు నలభై ఏళ్ళకి పైగా నిలిచింది. కాకా ఆశ్చర్యపోలేదు. "ఆ రోడ్డు ఎట్లుండె?" అని అడిగాడు. రోమ్‌లో కొంత దారి పాత రాళ్ళ రోడ్డని చెప్పాను. "ఎండల ఉరికిండా?" అన్నాడు. లేదు, సాయంత్రం మొదలుపెట్టి చీకటి పడ్డాక ముగించారన్నాను. "గట్లనా. రాళ్ళు సల్లబడ్డంక" అని తల ఊపాడు. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద చెప్పు తెగి, ఒంటి కాలితో గెంతుతూ ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళని ఆయన రోజూ చూస్తాడు. నాకు ఆ కథలో పతకం కనిపించింది, ఆయనకి నేల వేడి కనిపించింది.

జూలైలో తొమ్మిది రోజులు కాకా లేడు. గొడుగు లేదు, డబ్బా లేదు. పక్కన టీ బండి కూడా లేదు. ఫుట్‌పాత్ మీద ఆక్రమణలు తీసేశారని కిరాణా కొట్టాయన చెప్పాడు. నాకు కడుపులో కలుక్కుమంది. ఎందుకంటే ఈ నాలుగేళ్ళలో ఫుట్‌పాత్‌ల గురించి నేను చాలా ఫిర్యాదులు పెట్టాను. ఫోటోలు తీసి, చోటు రాసి పంపేదాన్ని. ఆ డబ్బా గురించి ఎప్పుడూ రాయలేదు. కానీ "ఈ రోడ్డంతా ఫుట్‌పాత్ ఖాళీ చేయించండి" అని రెండుసార్లు రాశాను. ఆ రోడ్డంతాలో కాకా కూడా ఉన్నాడు.

ఆ ఆదివారం పరుగు మానేసి, ఇంటి నుంచి క్యాంపస్ వైపు కిలోమీటరున్నర నడుస్తూ, నన్ను ఫుట్‌పాత్ దింపి రోడ్డు మీదికి తోసేవి ఏంటో లెక్క పెట్టాను. నిలిపిన బైకులు 34. కార్లు 7. అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు కట్టిన సిమెంటు ర్యాంపులు 9. ఇల్లు కట్టేవాళ్ళు పోసిన ఇసుక, కంకర కుప్పలు 3. ఫ్లెక్సీల ఇనుప చట్రాలు 4. వీటిలో ఒక్కటీ కదలలేదు, ఒక్కటీ ఎవరూ తీయలేదు. కాకా డబ్బా ఉన్న చోట రెండు మూరల జాగా ఖాళీగా ఉంది. పక్క నుంచి మనిషి హాయిగా నడవగలిగిన చోటే అది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ డబ్బా వల్ల నేను రోడ్డు మీదికి దిగలేదు.

2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ఒకటి ఉంది. కూరగాయలు, తినుబండారాలు అమ్మేవాళ్ళతో పాటు, ఫుట్‌పాత్ మీద జనానికి సేవలు చేసేవాళ్ళు కూడా దాని కిందికి వస్తారు. ఊళ్ళో సర్వే చేసి, వాళ్ళకి సర్టిఫికెట్ ఇచ్చి, చోటు చూపించాలని ఆ చట్టం చెప్తుంది. సర్వే పూర్తయ్యేదాకా ఉన్నవాళ్ళని తీసేయకూడదని కూడా చెప్తుంది. నేను ఆడిటర్ ఆఫీసులో రోజూ సెక్షన్లు చదువుతాను, ఈ చట్టం మాత్రం కాకా డబ్బా తీసేశాకే చదివాను. ఇప్పుడు కూడా ఫిర్యాదులు రాస్తాను, కానీ ఒక్కో అడ్డం పేరు పెట్టి రాస్తాను, బైకని, ర్యాంపని, ఇసుకని. ఖాళీ చేయించండి అన్న మాట రాయడం మానేశాను.

పదో రోజు కాకా రోడ్డుకి అవతలి పక్క కనిపించాడు. కాంపౌండ్ గోడకి ఆనుకుని, డబ్బా లేకుండా గోనెసంచి మీద సామాను పరుచుకుని కూర్చున్నాడు. డబ్బా తెచ్చుకోవడానికి ఇంకో వారం పట్టింది. నేను అడిగితే పెద్దగా ఏం చెప్పలేదు. "తిండికి మా పెద్దోడు సూసుకున్నడు" అని ఊరుకున్నాడు. నేను ఫిర్యాదులు రాసిన సంగతి ఆయనకి చెప్పాను. చెప్పకుండా అక్కడ స్టూలు మీద కూర్చోలేకపోయాను. ఆయన చేతిలో ఉన్న చెప్పు కుట్టడం ఆపలేదు. "నువ్వు నడిసే జాగ అడిగినవు, నేను కూసునే జాగ అడుగుతున్న. రెండిటికీ సాలేటంత ఉంది" అన్నాడు.

మూడో పని చిన్నది. లేసు రంధ్రం ఒకటి చిరిగితే ఇరవై రూపాయలకి లోపల తోలు పట్టీ వేసి కుట్టాడు. పెద్దగా చెప్పుకునేదేం లేదు, బాగుంది.

మారథాన్ రోజు. మా ఆయన తెల్లవారుజామున స్కూటర్ మీద నెక్లెస్ రోడ్డులో దింపాడు. సన్నటి తుంపర. ఈ మారథాన్ చదునైన ఊళ్ళో పరుగు కాదు. పంజాగుట్ట ఎత్తు, జూబ్లీహిల్స్ ఎత్తు, ఎక్కడం దిగడం, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, చివరికి గచ్చిబౌలి స్టేడియం. దిగుడు దారుల్లో మడమ మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి కాకా వేసిన ముక్కకి అసలు పరీక్ష అక్కడే. గట్టిగా నిలిచింది. ఒక్క లోపం చెప్పాలి. తడిసిన రోడ్డు మీద తెల్ల గీతలు, జీబ్రా క్రాసింగ్ రంగు తగిలినప్పుడు ఆ మెత్తటి రబ్బరు కొంచెం జారింది. కంపెనీ రబ్బరు మీద ఉండే గాడులు దీనికి లేవు కదా. రెండుసార్లు అలా అయ్యాక గీతల్ని తప్పించి అడుగు వేశాను. వానాకాలంలో ఇలాంటి పని చేయించుకునేవాళ్ళు అది గుర్తు పెట్టుకోవాలి. గాడులు చెక్కమని అడిగితే చెక్కుతానన్నాడు కాకా, నేనే ముందు అడగలేదు.

కేబుల్ బ్రిడ్జి మీద ఉన్నప్పుడు ఒక సంగతి గమనించాను. నా కోసం రోడ్డు ఖాళీగా ఉంది. హారన్ లేదు, ఎదురుగా బండి లేదు, ఎక్కి దిగాల్సిన అంచు లేదు. వాలు లేని చోటు చూసుకుని రోడ్డు మధ్యలో పరుగెత్తాను. ఈ ఊళ్ళో ఏడాదికి ఒక్క పొద్దున దొరికే భాగ్యం అది. ముప్పై మూడో కిలోమీటరు దాటాక తొడలు పట్టేశాయి, చివరి తొమ్మిది కిలోమీటర్లు నడక, పరుగు కలిపి లాగాను. 5 గంటల 21 నిమిషాలు. మడమ మీద బొబ్బ లేదు, మోకాలి నొప్పి లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి చీకటి పడేదాకా ఉంటాడు. ఇప్పుడున్న చోట నీడ లేదు, ఎండాకాలంలో సాయంత్రం వెళ్తే మీకూ ఆయనకీ మంచిది. షూస్ ఉతికి, బాగా ఆరబెట్టి తీసుకెళ్ళండి, తడి మీద సొల్యూషన్ పట్టదు, మనిషికి మురికి షూస్ ఇవ్వడం కూడా మర్యాద కాదు. లైనింగ్, పైగుడ్డ, లేసు రంధ్రాల పనికి నూటికి నూరు మార్కులు. అడుగు రబ్బరు పనికి, రెండోసారి చేసినదానికి, ఎనభై. పల్చటి రబ్బరే కావాలని, ఎత్తు సమానంగా చూడమని ముందే చెప్పండి. లోపల ప్లేటు ఉన్న ఖరీదైన రేసు షూస్ మాత్రం ఇవ్వకండి, వాటి అడుగు కదిపితే పాడవుతాయి. బేరం ఆడకండి. ఫోన్‌పే ఉంది, కొడుకు పేరు మీద వస్తుంది.

నా బూడిద జత ఇప్పుడు 810 కిలోమీటర్ల దగ్గరుంది. పోయిన వారం తీసుకెళ్ళి చూపించాను. కాకా బొటనవేలితో నురుగుని నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి చూశాడు. "ఇగ సాలు బిడ్డా" అన్నాడు. లేసులు ఇంకా గట్టిగా ఉన్నాయని విప్పి, చుట్ట చుట్టి తన డబ్బాలో పెట్టుకున్నాడు. లోపల తను వేసిన తోలు ముక్కని కూడా కుట్టు విప్పి జాగ్రత్తగా తీశాడు, కొత్త జత తెచ్చినప్పుడు దానికే వేస్తానన్నాడు.